ప్యాకేజీ సరే.. మీకేం కావాలి?

ఇంజినీరింగ్‌లో ‘యూనివర్సల్ హ్యూమన్ వాల్యూస్’ అని ఒక సబ్జెక్టు ఉంటుంది, గుర్తుందా? శరీరానికి ఏం కావాలి, మనసుకు ఏం కావాలి, ఆ రెండింటినీ విడివిడిగా ఎలా గుర్తుపట్టాలి అన్నది అందులో ముఖ్యమైన పాఠం. దానికి వాళ్లు పెట్టిన పేరు ‘సెల్ఫ్ ఎక్స్‌ప్లోరేషన్’. మనలో చాలామందిమి పరీక్షకు ముందురోజు రాత్రి నిర్వచనాలు బట్టీపట్టి గట్టెక్కినవాళ్లమే. కోడింగ్ రౌండ్‌లో అడగని సబ్జెక్టును ఎవరు పట్టించుకుంటారు! కానీ అమీర్‌పేటలోనో కేపీహెచ్‌బీలోనో హాస్టల్‌లో ఉండి ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో అన్నిటికంటే పనికొచ్చే పాఠం అదేనని నా అభిప్రాయం.

మైత్రీవనం దగ్గర కోర్సు చేస్తున్న ఎవరినైనా ‘ఎలాంటి ఉద్యోగం కావాలి?’ అని అడిగి చూడండి. ‘ఏదైనా పర్లేదు’ అంటారు. ఇంకాస్త గుచ్చి అడిగితే ఒక అంకె చెబుతారు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? సీనియర్‌కి అంత ఇచ్చారనో, పెద్దమ్మ కొడుకు అంత తెచ్చుకుంటున్నాడనో, పెళ్లిలో బంధువులు అడిగితే తలెత్తుకుని చెప్పొచ్చనో. సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది, అంటే వయసులో మీకంటే పెద్దది. అప్పటి నుంచీ ఈ ఐటీ కారిడార్ మనల్ని అడుగుతున్న ప్రశ్న ఒకటే: ‘నీకేం వచ్చు?’ నీకేం కావాలని అది అడగదు. ఆ ప్రశ్న ఎవరికి వాళ్లే వేసుకోవాలి.

డబ్బు అవసరం లేదని చెప్పడం లేదు. ఎడ్యుకేషన్ లోన్ ఉన్న ఇంట్లో మొదటి అవసరం డబ్బే, అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. అయితే ప్యాకేజీ వేరు, అవసరం వేరు. ‘నెలకు పది వేలు ఇంటికి పంపాలి’ అన్నది అవసరం. ‘ఆరు లక్షల ప్యాకేజీ’ దాన్ని తీర్చే దారుల్లో ఒకటి. అవసరం ఏంటో తెలిస్తే అడిగే ప్రశ్నలు మారతాయి. సీటీసీలో సాధారణంగా కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ పే అన్నీ కలిపి చూపిస్తారు. మీ వాటా పీఎఫ్, ప్రొఫెషనల్ ట్యాక్స్ పోను ఖాతాలో పడేదెంత? అందులోంచి మాదాపూర్ హాస్టల్ ఫీజు, మెట్రో, టిఫిన్లు తీసేస్తే ఇంటికి పంపాల్సిన పది వేలు మిగులుతాయా? ఈ లెక్క చూసుకోకుండా ఆఫర్ లెటర్‌ను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేయడం తొందరపాటే.

డబ్బుతో సంబంధం లేని అవసరాలు మాత్రం కాలిక్యులేటర్‌కు దొరకవు. గమనిస్తేనే తెలుస్తాయి. రోజుకు పది నిమిషాలు చాలు. ఫోన్ గదిలో వదిలేసి దుర్గం చెరువు పక్కన నడవండి, కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌లో కూర్చోండి, ఏదీ కుదరకపోతే హాస్టల్ డాబా ఎక్కండి. ఊపిరి ఎలా ఆడుతోంది? మెడ, భుజాలు బిగుసుకున్నాయా? ఈరోజు ఏ గంటలో హుషారుగా ఉన్నారు, ఎవరి మాటకు ప్రాణం ఉసూరుమంది? మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పకుండా ఊరికే చూడండి. తర్వాత నాలుగు వాక్యాలు రాసుకోండి. తెలుగులోనే రాయండి. ఇంగ్లిష్‌లో రాస్తే మనకు తెలియకుండానే హెచ్‌ఆర్‌కు చెప్పే జవాబు వచ్చేస్తుంది: ‘ఛాలెంజింగ్ ఎన్విరాన్‌మెంట్ కావాలి’ అని. అదే తెలుగులో అయితే ‘పక్కన కూర్చుని ఎవరైనా నేర్పిస్తే బాగుండు’ అని వస్తుంది. మీకు నిజంగా కావాల్సింది ఈ రెండోది.

పది రోజులు రాశాక వెనక్కి తిరగేయండి. నిద్ర తప్పిన మర్నాడల్లా పేజీ నిండా చిరాకే ఉంటే, నైట్ షిఫ్ట్ గురించి మీ శరీరం ముందే చెప్పేస్తోందన్నమాట. గదిలో ఒంటరిగా ఉన్న రోజులన్నీ నీరసంగా కనిపిస్తే, ఫ్రెండ్స్ ఎగబడే వర్క్ ఫ్రం హోమ్ మీకు వరం కాకపోవచ్చు. ఏది అవసరం, ఏది గొప్ప కోసం అన్నది తేలకపోతే చిన్న పరీక్ష ఉంది: ‘ఇది నాకు వచ్చినట్టు ఎవరికీ తెలియదు, అయినా కావాలా?’ పెద్ద కంపెనీ పేరు, ఐడీ కార్డు లాంటివి కొన్ని ఇక్కడే రాలిపోతాయి.

ఇదంతా సాధువుల వ్యవహారం అనుకునేవాళ్లకు ఒక మాట. గూగుల్‌లో 2007లో ‘సెర్చ్ ఇన్‌సైడ్ యువర్‌సెల్ఫ్’ అనే కోర్సు మొదలుపెట్టిన చేడ్-మెంగ్ టాన్ మనలాంటి సాఫ్ట్‌వేర్ ఇంజినీరే. అయితే కంపెనీలు ఇలాంటివి నేర్పేది మీరు ఇంకాస్త బాగా పనిచేయాలనే ఆశతో కూడా. మీ నోట్‌బుక్‌కు ఆ బాధ్యత పెట్టకండి. అది మీ కోసం, ఎవరికీ చూపించనక్కర్లేదు. ఒకవేళ అందులో వారాల తరబడి నిద్ర లేదు, తిండి సయించడం లేదు, దేని మీదా ఆసక్తి లేదు అనే కనిపిస్తుంటే ఒక్కరే ఆలోచిస్తూ కూర్చోకండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ ఉంది. 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

‘ఫ్రెషర్‌కి ఇంటర్వ్యూ కాలే రాని రోజుల్లో ఇన్ని షరతులా అన్నా?’ అంటారేమో. న్యాయమైన ప్రశ్నే. వచ్చిన ఆఫర్‌ను వదులుకోమని నేను చెప్పను. చేతిలో ఒక్కటే ఉంటే, ఇంటి పరిస్థితి తొందర పెడుతుంటే చేరిపోండి. కాకపోతే ఆ ఉద్యోగం ఏమివ్వదో తెలిసి చేరితే, దాన్ని బయట ఎలా సంపాదించుకోవాలో మొదటి నెల నుంచే చూసుకోవచ్చు. నేర్పేవాళ్లు లేని టీమ్ అయితే శనివారాలు మీటప్‌లకు వెళ్లొచ్చు. నిద్ర చాలని షిఫ్ట్ అయితే ఆఫీసుకు నడిచివెళ్లే దూరంలో గది చూసుకుని ప్రయాణంలో పోయే గంటను నిద్రకు కలపొచ్చు.

ఇంటర్వ్యూ చివర్లో ‘మమ్మల్నేమైనా అడుగుతారా?’ అంటారు కదా. ‘నో సర్’ అని లేచిపోకండి. షిఫ్ట్ ఏంటి, ఫిక్స్‌డ్ ఎంత, బాండ్ ఎన్నాళ్లు, మొదటి ఆర్నెల్లు నేర్పేదెవరు అని అడగండి. ఆఫీసు ఎక్కడో కూడా అడగండి. మెట్రో రాయదుర్గం దగ్గర ఆగిపోతుంది, అక్కడి నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు క్యాబ్ కంపెనీ ఇస్తుందా, రోజూ షేర్ ఆటో మీరే వెతుక్కోవాలా?