మొండికేసే స్టీరింగు

అమెరికాలో ఔత్సాహికులు తమ షెడ్డులో తిరిగి తయారుచేసుకున్న పాతకాలపు కారును చూస్తే, బయటికి అది 1932 నాటి ఫోర్డు. మూత ఎత్తితే లోపల ఇంజను షెవర్లే వారిది. ముందు చక్రాల అమరిక 1974–78 మధ్య వచ్చిన ఫోర్డు మస్టాంగ్ 2 నమూనాది. స్టీరింగు పంపు జనరల్ మోటార్స్ వారి సాగినా విభాగంలో తయారైనది. గొట్టాలు ఎవరో కొలతకు కోసి బిగించినవి. హాట్ రాడ్ అని పిలిచే ఇలాంటి బండ్లు దక్షిణ కాలిఫోర్నియాలోని ఎండిన సరస్సుల మైదానాల మీద 1930లలోనే పరుగులు తీశాయి. నాటి యువకులు వేగం కోసం మొదలుపెట్టిన ఆ కూర్పు విద్య నేడు నడివయసువారికీ, ఉద్యోగ విరమణ చేసినవారికీ ప్రీతిపాత్రమైన వ్యాసంగం.

ఇలాంటి బండి నెలల తరబడి శ్రమ తరువాత మొదటిసారి రోడ్డెక్కిన రోజున, తరచుగా చిక్కు పెట్టేది స్టీరింగు. కొన్ని బండ్లలో అది రాయిలా బరువెక్కుతుంది. కొన్నింటిలో చిటికెనవేలితో తాకితే చాలు, బండి పక్కకు దూకుతుంది. మరికొన్నింటిలో మలుపు తిప్పినప్పుడల్లా పంపు మూలుగుతుంది. యజమాని ముందు పంపు మారుస్తాడు, తరువాత ర్యాకు మారుస్తాడు, ఆ తరువాత గొట్టాలు మారుస్తాడు. డబ్బు ఖర్చవుతుంది, జబ్బు అలాగే ఉంటుంది. రోగమొకటి, మందొకటి అన్నట్లు తయారవుతుంది వ్యవహారం.

ఆయిలు చేసే సాయం

పవర్ స్టీరింగు ఆలోచన చాలా పాతది. పియర్స్-ఆరో కంపెనీలో ఇంజనీరుగా పనిచేసిన ఫ్రాన్సిస్ డేవిస్ 1926లోనే ఆయిలు ఒత్తిడితో పనిచేసే స్టీరింగును తయారుచేసి, కారుకు అమర్చి చూపాడు. కానీ తరువాత వచ్చిన ఆర్థికమాంద్యంలో ఆ ఖర్చు భరించి మార్కెట్టులోకి తేవడానికి తయారీదారులు ముందుకు రాలేదు. సామాన్య కొనుగోలుదారుకు అది అందింది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్ కారుతో. ఆగివున్న అంబాసిడర్ స్టీరింగును తిప్పి భుజాలు నొప్పించుకున్నవారికి ఆ సౌకర్యం విలువ వేరే చెప్పనక్కరలేదు.

దాని పని తీరు సరళమైనదే. ఇంజను బెల్టు ఒక పంపును తిప్పుతుంది. పంపు ఆయిలును గట్టి గొట్టం గుండా స్టీరింగు గేరులోకి తోస్తుంది. గేరులో, చేతి బలానికి కొద్దిగా మెలితిరిగే సన్నని ఉక్కుకడ్డీ ఒకటి ఉంటుంది. అది ఎటు మెలితిరిగితే అటువైపు కవాటం తెరుచుకుని, ఆయిలు పిస్టనును నెడుతుంది. పని ముగించిన ఆయిలు మరో గొట్టం ద్వారా ట్యాంకుకు చేరుతుంది. చక్రాలు పూర్తిగా తిరిగి ఆగినచోట ఒత్తిడి చదరపు అంగుళానికి వేయి పౌన్లు దాటవచ్చు. అది హద్దు మీరకుండా పంపులో మరో కవాటం కాపలా కాస్తుంది.

మొదటి పరీక్ష ఇంజను ఆపి

అనుభవజ్ఞుడైన మెకానిక్కు పంపు జోలికి పోయే ముందు ఇంజను ఆపుతాడు. ముందు చక్రాలను జాకీతో లేపి, బండిని గట్టి స్టాండ్ల మీద నిలిపి, స్టీరింగును చేత్తో తిప్పుతాడు. బరువు మోయని చక్రాలు సాఫీగా తిరగాలి. ఎక్కడైనా పట్టేస్తే లోపం ఆయిలులో లేదు, ఇనుములో ఉంది. స్టీరింగు కడ్డీని ర్యాకు నుంచి విడదీసి, రెండింటినీ వేరువేరుగా తిప్పి చూస్తే ఆ పట్టు ఎటువైపు ఉన్నదో తేలుతుంది.

సొంతంగా కూర్చిన బండ్లలో ఇక్కడే చాలా కేసులు పరిష్కారమవుతాయి. పెద్ద ఇంజనును ఇరుకు చోట దించినప్పుడు స్టీరింగు కడ్డీ దాని పక్కనుంచి వంకర టింకరగా పోవలసి వస్తుంది. వంపుకొకటి చొప్పున యూనివర్సల్ జాయింట్లు వేస్తారు. రెండు జాయింట్ల మధ్యనున్న కడ్డీకి ఇరువైపుల కొమ్ములూ ఒకే తలంలో లేకపోతే, స్టీరింగు ఒక చుట్టు తిరిగేలోగా రెండుసార్లు బరువెక్కి రెండుసార్లు తేలికవుతుంది. మూడు జాయింట్లు వేసినచోట మధ్యలో ఆధారపు బేరింగు లేకుంటే కడ్డీ ఊగిసలాడుతుంది. ఈ రెంటినీ ఏ కొత్త పంపూ నయం చేయలేదు.

బెల్టు, ఆయిలు, గాలి

ఇనుము నిర్దోషి అని తేలిన తరువాత టైర్లలో గాలి, బెల్టు బిగువు చూడాలి. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు మాత్రమే స్టీరింగు బరువుగా ఉంటే, బెల్టు జారుతూ ఉండవచ్చు, లేదా పంపు పుల్లీ మరీ పెద్దదై పంపు చాలినంత వేగంగా తిరగక పోవచ్చు. పుల్లీలు ఒకే వరుసలో ఉన్నాయో లేదో స్కేలు పెట్టి చూడాలి. వేరువేరు కంపెనీల బ్రాకెట్లు కలిసినచోట ఈ తేడా సామాన్యం.

పంపు మూలుగుతూ, ట్యాంకులోని ఆయిలు నురగలు కక్కుతూ ఉంటే అందులో గాలి చేరినట్లే. ఇక్కడ చాలామంది పొరబడతారు. ట్యాంకు నుంచి పంపుకు వచ్చే గొట్టంలో ఉండేది ఒత్తిడి కాదు, పీల్పు. అక్కడ క్లిప్పు వదులైతే ఒక్క చుక్క కూడా బయట పడకుండానే గాలి లోపలికి పోతుంది. క్లిప్పు సరిచేసి, చక్రాలు గాలిలో ఉండగా, ఇంజను ఆపే ఉంచి, స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా ఓ ఇరవైసార్లు తిప్పాలి. మధ్యమధ్య ఆయిలు మట్టం చూసి నింపుతూ ఉండాలి. ఆ తరువాతే ఇంజను నడపాలి.

గేజీ చెప్పే సాక్ష్యం

ఇంకా బరువు తగ్గకపోతే పంపుకూ గేరుకూ మధ్య ఒత్తిడి గేజీని, దాని పక్కనే మూసే కవాటాన్ని అమర్చాలి. ఇంజను నడుస్తుండగా కవాటాన్ని అయిదు సెకన్లు మించకుండా మూసి చూస్తే పంపు సొంత బలం తెలుస్తుంది. ముల్లు పైకి లేవకపోతే లోపం పంపులో ఉంది. ముల్లు బాగా లేచి, కవాటం తెరిచి స్టీరింగును చివరిదాకా తిప్పినప్పుడు మాత్రం అంత ఒత్తిడి రాకపోతే, ఆయిలు గేరు లోపలే కారిపోతున్నదన్నమాట. అయిదు సెకన్ల హద్దు దాటితే పంపు వేడెక్కి పాడవుతుంది.

తాకితే దూకే స్టీరింగు కథ దీనికి పూర్తిగా భిన్నం. అందులో పంపూ మంచిదే, ర్యాకూ మంచిదే. ఈ రెంటికీ పొత్తు కుదరలేదు. మస్టాంగ్ 2 ర్యాకు కోరేదానికన్నా సాగినా పంపు ఎక్కువ ఒత్తిడిని ఇస్తుంది. పంపు కవాటంలో పలుచని వాషర్లు చేర్చిగానీ, ప్రవాహాన్ని తగ్గించే కవాటం వేసిగానీ ఆ జోరును అదుపులోకి తేవచ్చు. దానితోపాటు ముందు చక్రాల వాలు కోణం కూడా కొలిపించాలి. చేతిబలంతో తిప్పే రోజుల్లో, తేలిక కోసం ఆ వాలును బాగా తక్కువగా ఉంచేవారు. పవర్ స్టీరింగు వచ్చాక అది చాలదు. మలుపు తరువాత స్టీరింగు తనంత తాను మధ్యకు రాకపోవడం దానికి గుర్తు.

ప్రాణం మీదికి తెచ్చేవి

ఇవన్నీ సౌకర్యానికి సంబంధించిన మాటలుగా కనిపించవచ్చు. కానీ గట్టి గొట్టం ఇంజను పొగగొట్టానికి ఆనుకొని కాలి పగిలితే, ఎర్రగా వేడెక్కిన లోహం మీద ఆయిలు చిమ్మి మంటలు లేస్తాయి. సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే ధారకు చర్మాన్ని చీల్చి లోపలికి పోయే బలం ఉంటుంది. అందుచేత లీకును వేళ్లతో తడిమి వెతకరాదు. అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి. దారిలో ఇంజను ఆగిపోతే స్టీరింగు హఠాత్తుగా బరువెక్కుతుంది. అయినా కడ్డీకీ చక్రాలకూ ఉన్న లంకె తెగదు. ఆ సంగతి తెలియని డ్రైవరు భయపడి చేతులు వదిలేస్తే ప్రమాదం జరుగుతుంది. తెలిసినవాడు రెండు చేతులా బలంగా తిప్పి బండిని పక్కకు చేరుస్తాడు.

ఫ్యాక్టరీలో పుట్టిన కారుకు ఒక పుస్తకం ఉంటుంది. షెడ్డులో పుట్టిన కారుకు దానిని కూర్చినవాడి జ్ఞాపకమే పుస్తకం. అతడు దాన్ని అమ్మేస్తే, లేదా కన్నుమూస్తే, రెండో యజమానికి పంపు ఏ సంవత్సరానిదో, ర్యాకు ఏ నమూనాదో చెప్పేవారుండరు. తెలివైన కూర్పరి మొదటి బోల్టు బిగించిన రోజునే ఒక నోటుబుక్కు తెరుస్తాడు. ఏ భాగం ఏ బండి నుంచి వచ్చిందో, ఏ ఆయిలు పోశాడో, బెల్టు నెంబరు ఎంతో రాసి, దానిని కారు అరలోనే ఉంచుతాడు.