గాజుపందిరిలో గృహము

ఇంటిచుట్టును గాజుపందిరి నిర్మించి దానిలో కాపురముండు పద్ధతి స్వీడను దేశమున బయలుదేరినది. బెంగ్ట్ వార్నే యను వాస్తుశిల్పి 1974-76 సంవత్సరములలో స్టాక్‌హోము సమీపమున సాల్ట్‌షోబాడెన్‌లో ఇట్టి గృహమును నిర్మించి, దానికి ‘నాటుర్‌హుస్’, అనగా ప్రకృతిగృహమని పేరిడెను. పిమ్మట నార్వే దేశమున, ఉత్తరధ్రువవృత్తమునకు ఆవలనున్న సాండ్‌హోర్నోయ ద్వీపమున, గాజుగోపురము క్రింద మట్టియిల్లొకటి వెలసినది. మన దేశమునను ఇట్టివి కట్టుకొనరాదా యని అడుగువారుందురు. అది విచారింపదగిన ప్రశ్నయే.

ఎండ గాజును దాటి లోనికి వచ్చును. దానిచే కాగిన నేలయు గోడలును వెలువరించు ఉష్ణము మాత్రము అంత సులభముగా వెలుపలికి పోజాలదు. వెచ్చబడిన గాలియు లోపలనే నిలుచును. అందుచే ఇంధనవ్యయము తగ్గును. మంచుదేశమున అంజూరమును ద్రాక్షయు ఫలించును. వార్నే మార్గమున కట్టిన యిండ్లలో వాడిన నీరు మొక్కల వేళ్లగుండ శుద్ధిపొంది తోటను పోషించును. ఎండ కరవైనవారు ఎండను కూడబెట్టుకొను ఈ ఉపాయమును మేము మనసార మెచ్చుచున్నాము.

కాని మన సీమలో కరవు ఎండకు కాదు, నీడకు. 2015 వేసవిలో వడగాడ్పులచే ఉభయ తెలుగు రాష్ట్రములలో వేయిమందికి పైగా మరణించిరి. అట్టి సీమలో, హైదరాబాదునందలి మాదాపురము, గచ్చిబౌలి ప్రాంతములలో, అంతస్తు మీద అంతస్తుకు గాజుగోడలు నిలుపుచున్నాము. అవి లోనికి తెచ్చిన వేడిని తరుముటకు విద్యుచ్ఛక్తిని ధారపోయుచున్నాము. యంత్రములు తరిమిన ఆ వేడి వీథిలో పోవు కూలివానిపై బడుచున్నది. చలిదేశమునకు వరమైన గుణమే మనకు శాపమగుచున్నది.

మన పెద్దలు మండువా లోగిలి కట్టిరి. నడుమ ఆకాశమునకు తెఱచిన మండువా, చుట్టును వసారాలు, దళసరి మట్టిగోడలు, పైని పెంకులు. వేడిగాలి మీదికి లేచిపోవును. వాననీరు నడుమ బడును. ఇట్టి లోగిళ్లు కలిగినవారికే దక్కెనని మేమెఱుంగుదుము. కాని వానిని కూల్చి, ఉక్క పోయు స్లాబుటిండ్లు కట్టుచున్నవారును కలిగినవారే.

2023లో తెలంగాణ ప్రభుత్వము ఎండను త్రిప్పికొట్టు చల్లని కప్పుల విధానమును ప్రకటించినది. ఇది మంచి మొదలు. ఈ మేలు పేదవాని కప్పునకు ముందుగా చేరవలెను. గాజుగోడకు అనుమతి నిచ్చుటకు ముందు దానికి నీడ యేదని పురపాలకులు ప్రశ్నింపవలెను. ఇల్లు కట్టదలచిన గృహస్థుడును తన శిల్పిని అదే అడుగవలెను. వార్నే తన దేశపు సూర్యుని జూచి యిల్లు కట్టెను. మనమును మన సూర్యుని జూచియే కట్టవలెను.