రాయిలో ఉంటే సరిపోదు

కర్నూలు జిల్లా జొన్నగిరిలో టన్ను రాయిని పిండి చేస్తే దొరికే బంగారం సుమారు ఒకటిన్నర గ్రాములు. ఉంగరానికీ చాలదు. అయినా అది గనే. ఎందుకంటే మామూలు రాయిలో టన్నుకు ఉండేది ఒకటో రెండో మిల్లీగ్రాములు. ఎక్కడో చెదిరి ఉన్న లోహాన్ని ఒక్కచోటికి దాదాపు వెయ్యి రెట్లు పోగేసిందేమిటన్నదే అసలు ప్రశ్న.

పోగేసింది నీరు. జొన్నగిరి, రామగిరి, హట్టి, కోలార్ గనులన్నీ ధార్వాడ క్రేటాన్ అనే ప్రాచీన భూఖండంలోనివి. సుమారు 270 కోట్ల ఏళ్ల కిందటి లావా పొరలు అక్కడ లోతుకు కుంగి, 500 డిగ్రీల దాకా వేడెక్కినప్పుడు ఖనిజాల్లో బందీగా ఉన్న నీరు బయటపడింది. దాంతోపాటు కార్బన్ డయాక్సైడ్, గంధకం కూడా. ఆ గంధకాన్ని పట్టుకునే బంగారం నీటిలో కరిగి, భ్రంశాల వెంట పైకి ప్రయాణించింది. భూకంపంతో పగులు తెరుచుకున్నప్పుడల్లా పీడనం ఒక్కసారిగా పడిపోయేది. పలుగురాయి గడ్డకట్టేది, బంగారం అందులో చిక్కేది. దారిలో ఇనుము దండిగా ఉన్న రాయి తగిలితే అది గంధకాన్ని లాగేసుకుని పైరైట్ అయ్యేది. తోడు పోయిన బంగారం అక్కడే దిగబడేది. మళ్లీ పగులు, మళ్లీ ప్రవాహం. కోలార్‌లో ఛాంపియన్ రీఫ్ అలా పెరిగిందే. మనుషులు దాని వెంట 3 కిలోమీటర్ల లోతుకు పైగా దిగారు. కోలార్ గనుల నుంచి మొత్తం సుమారు 800 టన్నుల బంగారం తీశాక 2001లో వాటిని మూశారు. పలుగు సిర అయిపోయి కాదు. టన్నుకు వచ్చే గ్రాములు తగ్గి, తవ్వే ఖర్చు పెరిగి.

అరుదైన మృత్తికా మూలకాల కథ వేరు. వీటికి ఆ పేరు పెట్టినవారిని ఏమనాలో గానీ, వీటిలోని సీరియం భూపటలంలో దాదాపు రాగి అంత ఉంది. కొరత మూలకానికి కాదు, పోగుపడటానికి. వీటి అయాన్లు మామూలు ఖనిజాల స్ఫటికాల్లో ఇమడవు. శిలాద్రవం చల్లారుతుంటే చివరిదాకా ద్రవంలోనే మిగిలిపోతాయి. భూప్రావారం కొద్దిగా మాత్రమే కరిగి, కార్బన్ డయాక్సైడ్‌తో నిండిన ద్రవం క్రేటాన్ అంచుల పగుళ్లలోంచి పైకి వస్తే ఈ మూలకాలు పోగుపడిన కార్బొనటైట్ అనే శిల ఏర్పడుతుంది. కాలిఫోర్నియాలోని మౌంటెన్ పాస్ గని అలాంటిదే, వయసు సుమారు 140 కోట్ల ఏళ్లు.

అనంతపురం జిల్లా సయనైట్ శిలల్లో ఈ మూలకాలున్నాయని హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) 2023లో చెప్పగానే ‘నిధి దొరికింది’ అన్న ధోరణిలో వార్తలొచ్చాయి. తొందరపాటు. మూలకం ఉందా అన్నది మొదటి ప్రశ్నే. ఏ ఖనిజంలో ఉందన్నది దానికంటే పెద్దది. బాస్ట్‌నసైట్, మోనజైట్ అయితే వేరుచేసే విద్య పాతదే. అల్లనైట్, జిర్కాన్ లాంటి సిలికేట్లలో చిక్కుకుంటే తీయడం చాలా కష్టం.

మన దగ్గర ప్రకృతి ఈ వేరుచేసే పని సగం చేసిపెట్టిన చోటు తీరం. తూర్పు కనుమల ఖోండలైట్ శిలలు అరిగి నదుల్లో కొట్టుకొచ్చిన ఇసుకను భీమిలి దగ్గర అలలు చాటలో చెరిగినట్టు చెరుగుతాయి. తేలిక పలుగు రేణువులు పోయి, బరువైన ఇల్మనైట్, గార్నెట్, మోనజైట్ నల్లటి చారలుగా మిగులుతాయి. దేశంలోని మోనజైట్‌లో మిగతా రాష్ట్రాలకన్నా ఎక్కువ వాటా ఆంధ్రప్రదేశ్‌దే. అయితే అందులో థోరియం కూడా ఉంది. అందుకే అది అణుశక్తి శాఖ చేతుల్లో ఉంది.