వెబ్‌క్యామ్‌లో మొదట చూడాల్సింది ఆవాజ్

మా పాత లాప్‌టాప్‌కి కెమెరా లేదు. చిన్న బేటీ నాజరా సబక్ ఇప్పుడు ఆన్‌లైన్‌లో కాబట్టి వెబ్‌క్యామ్ కొనాల్సొచ్చింది. దుకాణంలో అబ్బాయి నేరుగా 4కే డబ్బా తీశాడు. నన్నడిగితే అది ఫుజూల్ ఖర్చు. వీడియో కాల్‌లో బొమ్మ ఎలాగూ కుదించుకునే పోతుంది, 1080పి చాలు. మొహం మీద కిటికీ వెలుతురు పడితే 720పి కూడా బేషే.

మన ఇళ్లలో ఫికర్ చేయాల్సింది ఆవాజ్ గురించి. అసలే మన దక్కనీ నాలుక మీద పెద్ద ఖాఫ్ కాస్తా 'ఖే' అయిపోతుంది. పెద్ద ఖాఫ్‌తో ఖల్బ్ అంటే హృదయం, చిన్న కాఫ్‌తో కల్బ్ అంటే కుక్క! మూడడుగుల దూరంలో ఉన్న కెమెరా మైకులోంచి ఆ మఖ్రజ్ తేడా ఆలిమా ఆపాకి ఎలా వినపడుతుంది? పైన ఫ్యాను చప్పుడొకటి. కెమెరాలోనే మైకు ఉందని మురిసిపోకండి, నోటి దగ్గరుండే వైరు ఇయర్‌ఫోన్ మేలు.

ఇంకోటి. చౌక వాటిలో చాలావరకు ఫోకస్ మారదు. పిల్ల ఎక్కడ ఆగిపోయిందో ముస్హఫ్ దగ్గరకు తెచ్చి చూపిస్తే జేర్ జబర్ అన్నీ మసకే. ఆటోఫోకస్ ఉన్నదానికి నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇవ్వండి. దుకాణంలోనే సన్నటి అక్షరాల కాగితం ముందు పెట్టి చూడండి, సిగ్గెందుకు?

కెమెరా లేని లాప్‌టాప్ అని మొదట బాధపడ్డాను. మా బేగం మాత్రం అదే నేమత్ అంటోంది. లోపలి కెమెరాకైతే టేపు అంటించుకోవాలి. దీనికి సబక్ అవగానే వైరు పీకేయడమే. ఆ తర్వాత మా అమ్మీ దుపట్టా వెతుక్కోకుండా ఆ గదిలో తిరుగుతుంది.