కాగితపు తిమింగలాలు ఏం సాధించాయి?

స్లైడ్ మీద '30,000' అని రాసి చూపించండి. ఎదుటివాళ్లు చూస్తారు, మర్చిపోతారు. అదే 30 వేల కాగితపు తిమింగలాలను దారాలకు గుచ్చి తెరలా వేలాడదీస్తే?

పెగ్గీ ఓకీ చేసింది ఇదే. ఈమె జపాన్ మూలాలున్న అమెరికన్ ఆర్టిస్ట్. 1970ల నాటి జెఫిర్ స్కేట్‌బోర్డ్ టీమ్‌లో ఉన్న ఒకే ఒక్క అమ్మాయి కూడా ఈమే (క్విజ్ ప్రశ్నకు పనికొస్తుంది). 2004లో మొదలుపెట్టి స్కూలు పిల్లలు, వాలంటీర్లతో తిమింగలాలు మడిపించారు. వేటపై నిషేధం వచ్చాక కూడా చంపిన ఒక్కో తిమింగలానికి ఒక్కో కాగితం. 2007లో అలాస్కాలోని యాంకరేజ్‌లో అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్ సమావేశమైతే, తెరను అక్కడికే తీసుకెళ్లారు.

నిషేధం ఉంటే వేటెలా అంటారా? గ్రూప్ డిస్కషన్‌లో తడబడేది ఇక్కడే. వాణిజ్య వేట ఆపాలని కమిషన్ 1982లో నిర్ణయించింది, 1986 నుంచి అమలైంది. నార్వే అభ్యంతరం చెప్పి పక్కకు తప్పుకుంది. జపాన్ 'పరిశోధన' పేరుతో తనకు తానే అనుమతులిచ్చుకుంది. మాంసం మాత్రం మార్కెట్‌కే వెళ్లేది! ఆస్ట్రేలియా కేసు వేస్తే, జపాన్ అంటార్కిటిక్ వేట పరిశోధన కోసం కాదని అంతర్జాతీయ న్యాయస్థానం 2014లో 12-4తో తేల్చింది. 2019లో జపాన్ కమిషన్ నుంచే బయటికొచ్చేసి, జులై 1న వాణిజ్య వేట మళ్లీ మొదలుపెట్టింది. కాకపోతే తన సముద్ర జలాలకే పరిమితమైంది. అలా అంటార్కిటిక్‌లో దాని వేట ఆగింది.

కాబట్టి కాగితాలు వేటను ఆపాయని చెప్పకండి, ప్యానెల్ నమ్మదు. నాకు నచ్చింది ఆమె ఎంచుకున్న పద్ధతి. వేట మా సంస్కృతి అనే దేశానికి, ఆ దేశపు ఒరిగామితోనే జవాబు చెప్పారు. వెయ్యి కొంగలు మడిచి మంచి జరగాలని కోరుకునే ఆచారం వాళ్లది. తిట్టినట్టు ఉండదు, తప్పించుకోవడమూ కష్టం.

లోపమూ ఉంది. ఏ దేశం ఎన్ని చంపిందో, ఏ జాతిని చంపిందో తెర చెప్పదు. సంఖ్యలో ఎక్కువగా ఉన్న మింకీకీ, ముప్పులో ఉన్న ఫిన్ తిమింగలానికీ ఒకటే కాగితం. 2024 డిసెంబరులో ఐస్‌లాండ్ ఏడాదికి 209 ఫిన్ తిమింగలాల వేటకు ఐదేళ్ల అనుమతి ఇచ్చింది. దీని మీద మాట్లాడాల్సి వస్తే మొత్తం లెక్క ఒక్కటే చెప్పి ఆగిపోకండి, జాతి పేరు కూడా చెప్పండి.