పరుగెత్తి పాలు తాగుదాం, కానీ ఒలకకుండా

"పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు" అని మన పెద్దలు చెబుతారు. చిన్నప్పటి నుంచీ ఇంట్లో ఈ మాట వింటూ పెరిగిన నాకు ఒక సందేహం ఉండేది. పాలు ఎప్పుడూ పక్కవాళ్ళకేనా? మనకెప్పుడూ నీళ్ళేనా?

పోయిన నెల హాస్టల్‌కు వచ్చినప్పుడు ఆ సామెత మళ్ళీ గుర్తుకొచ్చింది. కంప్యూటర్ గదిలో డిగ్రీ తమ్ముళ్ళు ఇద్దరు వాదులాడుకుంటున్నారు. "ర్యామ్ ఓవర్‌క్లాక్ చేస్తే ఇది కొత్తదానిలా పరుగెడుతుందన్నా! బయోస్‌లో నాలుగు అంకెలు మారిస్తే చాలు" అంటాడొకడు. "ఉన్నది కాస్తా కాలిపోతే వార్డెన్ సారుకు నువ్వు జవాబు చెబుతావా?" అంటాడు రెండోవాడు. నన్ను తీర్పు చెప్పమన్నారు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను కానీ, ఆ ప్రశ్న ఊరుకునేది కాదు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో నా అభిప్రాయం రాస్తున్నాను.

ముందుగా అసలు విషయం. మన లైబ్రరీ గదిని ఊహించుకోండి. పుస్తకం కావాలంటే మొదట బీరువా తాళం తీయాలి. తర్వాత పుస్తకం వెతికి చేతికివ్వాలి. ఇంకో బీరువా తెరవాలంటే ముందు ఇది మూయాలి. ర్యామ్‌లోనూ అంతే. బీరువా తెరవడానికి పట్టే వ్యవధి టీఆర్‌సీడీ. పుస్తకం చేతికి రావడానికి పట్టేది సీఎల్. మూయడానికి పట్టేది టీఆర్‌పీ. తెరిచిన బీరువాను కనీసం ఇంతసేపు తెరిచి ఉంచాలన్న నియమం టీఆర్‌ఏఎస్. స్టిక్కు మీద 16-18-18-36 అని కనిపించేవి ఈ నాలుగే. వీటినే టైమింగ్స్ అంటారు. వీటిని సెకన్లలో కాక గంట దెబ్బల్లో లెక్కపెడతారు. ఆ గంట ఎంత త్వరత్వరగా మోగితే అంత ఫ్రీక్వెన్సీ. దెబ్బకు రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి 3200 అని రాసి ఉన్న స్టిక్కులో గంట మోగేది నిజానికి 1600 మెగాహెర్ట్జ్‌లోనే.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. డీడీఆర్4 2666, సీఎల్ 19 స్టిక్కులో దెబ్బకు 0.75 నానోసెకను. 19 దెబ్బలంటే 14.25 నానోసెకన్లు. 3200, సీఎల్ 22 స్టిక్కులో దెబ్బకు 0.625. 22 దెబ్బలకు 13.75. గంట జోరుగా మోగింది కానీ, బీరువా ముందు మనం నిలబడిన సమయం దాదాపు అంతే! అదే 3200, సీఎల్ 16 అయితే సరిగ్గా 10 నానోసెకన్లు. అయితే పుస్తకాలు రావడం మొదలయ్యాక ఆ జోరు మాత్రం పెరుగుతుంది. ఒక్కో చానెల్‌లో 2666 అయితే సెకనుకు 21.3 జీబీ, 3200 అయితే 25.6 జీబీ. కాబట్టి డబ్బా మీది పెద్ద అంకె ఒక్కటే చూసి మురిసిపోకూడదు. రెండు అంకెలూ కలిపి లెక్కకట్టాలి.

చవక స్టిక్కుతో ఇది సాధ్యమా? కొంతవరకు సాధ్యమే. పైన ఏ పేరున్నా లోపలి చిప్పులు ఎక్కువగా శామ్‌సంగ్, హైనిక్స్, మైక్రాన్ తయారుచేసినవే. వాటి అంకెలు ఎండలోనూ చలిలోనూ పనిచేసేలా కొంత వెసులుబాటు ఉంచి నిర్ణయించినవి. ఆ వెసులుబాటు ఎంతన్నది స్టిక్కు స్టిక్కుకూ మారుతుంది. పైగా మదర్‌బోర్డు ఒప్పుకోవాలి. ఏఎమ్‌డీ బీ350, బీ450 బోర్డులు ఒప్పుకుంటాయి. ఇంటెల్ తన చవక బోర్డుల్లో చాలా ఏళ్ళు దీన్ని మూసి ఉంచి, 2021లో వచ్చిన బీ560, హెచ్570లతోనే తెరిచింది. హెచ్110, హెచ్310 లాంటి బోర్డు ఉన్నవాళ్ళు ఎంత వెతికినా ఆ దారి కనిపించదు.

ఇప్పుడు తమ్ముళ్ళ వాదనకు వద్దాం. నా లెక్కలో ఇద్దరూ భయపడాల్సిన దానికి భయపడలేదు. అంకెలు మార్చినంత మాత్రాన ర్యామ్ కాలిపోదు. మరీ ఎక్కువ పెడితే కంప్యూటర్ తెర వెలగదు, అంతే. చాలా బోర్డులు రెండుమూడుసార్లు ప్రయత్నించి పాత అంకెలకు వెళ్ళిపోతాయి. వెళ్ళకపోతే కరెంటు తీసేసి, బోర్డు మీది రూపాయి బిళ్ళంత బ్యాటరీని కాసేపు తీసి పెడితే బయోస్ మొదటికొస్తుంది. హాని చేసేది వోల్టేజి. డీడీఆర్4కు ప్రామాణికం 1.2 వోల్టులు. ఓవర్‌క్లాక్ ప్రొఫైల్ ఉన్న స్టిక్కులకు సాధారణంగా 1.35 ఇస్తారు. పైరేకు కూడా లేని చవక స్టిక్కుకు అది దాటించడం తెలివైన పని కాదు.

అసలు ప్రమాదం వేరే ఉంది. అది నా అనుభవం. డిగ్రీ రెండో సంవత్సరంలో సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఒకటి కొనుక్కున్నాను. అందులోని 2400 స్టిక్కును 2933కు పెంచాను. కంప్యూటర్ తెరుచుకుంది. ఆటలు ఆడింది. గదిలో అందరినీ పిలిచి చూపించాను. పది రోజుల తర్వాత నా ప్రాజెక్టు ఫైలు తెరవబోతే పాడైపోయిందని చెప్పింది. పెన్‌డ్రైవ్‌లో కాపీ ఉంది కదా అని ధైర్యం తెచ్చుకున్నాను. అదీ తెరుచుకోలేదు. ఎలా తెరుచుకుంటుంది? ఆ కాపీ కూడా ఆ ర్యామ్ గుండానే పెన్‌డ్రైవ్‌కు వెళ్ళింది! నాలుగు రాత్రులు మేలుకొని మళ్ళీ రాశాను. ఆ తర్వాత మెమ్‌టెస్ట్ పెట్టి చూస్తే గంట తిరగకుండానే తెర మీద ఎర్ర గీతలు వచ్చాయి. మొదటి రోజే ఈ పరీక్ష పెట్టి ఉంటే సరిపోయేది.

ఎందుకిలా జరుగుతుంది? ర్యామ్‌లో ప్రతి బిట్టూ ఒక చిన్న కెపాసిటర్‌లో దాచిన విద్యుత్తు. ఐబీఎమ్‌లో రాబర్ట్ డెన్నార్డ్ ఒకే ట్రాన్సిస్టర్‌తో ఈ కణాన్ని రూపొందించి 1968లో పేటెంట్ పొందాడు. నేటికీ మన స్టిక్కుల్లో పనిచేస్తున్నది ఆ సూత్రమే. ఆ విద్యుత్తు కారిపోతూ ఉంటుంది కనుక 64 మిల్లీసెకన్లకోసారి మళ్ళీ నింపాలి. చదివేటప్పుడు ఆ చిన్న చార్జి 0నా, 1నా అని తేల్చుకోవడానికి కొంత సమయం కావాలి. మనం తొందరపెడితే అది ఊహించి చెబుతుంది. మన చవక స్టిక్కుల్లో ఆ తప్పును పట్టుకునే ఈసీసీ ఏర్పాటు లేదు. కంప్యూటర్ ఆగిపోతే అదృష్టవంతులం, ఏదో జరిగిందని తెలుస్తుంది. ఆగకుండా తప్పు రాసుకుంటూ పోతేనే నష్టం.

వేడి పెరిగితే విద్యుత్తు ఇంకా త్వరగా కారుతుంది. చిప్పు వేడి 85 డిగ్రీలు దాటితే రెట్టింపుసార్లు నింపాలని డీడీఆర్4 ప్రమాణమే చెబుతుంది. మన హాస్టల్ రేకుల గదిలో మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? ఏసీ గదుల్లో కూర్చున్నవాళ్ళు చూపించే అంకెలు మన గదిలో నిలుస్తాయన్న నమ్మకం లేదు. డిసెంబరులో పాసైన సెట్టింగు మే నెలలో ఫెయిల్ కావచ్చు. నింపే వ్యవధిని పొడిగించే టీరెఫీ జోలికి మన గదుల్లో వెళ్ళకపోవడమే మంచిది.

అందుకని నా తీర్పు ఇది. హాస్టల్ కంప్యూటర్‌ను ఓవర్‌క్లాక్ చేయవద్దు. అది అరవై మందిది. దానిలో ఒకరి స్కాలర్‌షిప్ దరఖాస్తు ఉంటుంది, ఇంకొకరి ప్రాజెక్టు రికార్డు ఉంటుంది. నా ఫైలు పాడైతే నా నాలుగు రాత్రులు పోయాయి. తమ్ముడి ఫైలు గడువు రోజు పాడైతే ఒక సంవత్సరం ఫీజు పోవచ్చు. అంత పందెం కాసి మనకొచ్చే లాభమేమిటి? దరఖాస్తు నింపడంలో, టైపింగులో వాచీ పెట్టి చూసినా తేడా దొరకదు. లాభం కనిపించేది విడిగా గ్రాఫిక్స్ కార్డు లేక, ర్యామ్‌నే వాడుకునే యంత్రాల్లో ఆటలకూ, పెద్ద ఫైళ్ళను కుదించడం లాంటి పనులకూ.

మరి నిలబడి నీళ్ళే తాగాలా? అక్కర్లేదు. ముందు చేయాల్సినవి ఉన్నాయి. ర్యామ్ నిండిపోతే కంప్యూటర్ డిస్కు మీద పడుతుంది. పాత హార్డ్ డిస్కు ఒక ముక్క వెతకడానికి సుమారు 10 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. 10 నానోసెకన్లతో పోలిస్తే అది పది లక్షల రెట్లు! టైమింగ్స్‌లో మూడు నానోసెకన్లు మిగుల్చుకోవడం కన్నా 4 జీబీని 8 జీబీ చేయడం ఎంతో మేలు. రెండో స్లాటు ఖాళీగా ఉంటే అదే రకం స్టిక్కు వేస్తే చానెళ్ళు రెండవుతాయి, జోరు రెట్టింపవుతుంది. అసలు స్టిక్కు తన ప్రామాణిక వేగంతోనే నడుస్తోందో లేదో చూడండి. ఇవి ఎవరి ఫైలునూ పందెం కాయనక్కర్లేని పాలు.

"కొత్తది కొనుక్కుంటే పోదా?" అనేవారికీ ఒక మాట. కృత్రిమ మేధ కేంద్రాలకు చిప్పులు తరలిపోవడంతో 2025 చివర్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ఆ డిసెంబరులోనే మైక్రాన్ సంస్థ మనలాంటి వాళ్ళు కొనే క్రూషియల్ అమ్మకాల నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఇలాంటి కాలంలో ఉన్న స్టిక్కును బాగా వాడుకోవడం పిసినారితనం కాదు, విద్య.

అందుకే సొంత కంప్యూటర్ ఉన్న తమ్ముళ్ళు తప్పక నేర్చుకోండి. వేగం పెంచకముందే ఫైళ్ళన్నీ బయట దాచండి. పాత అంకెలు నోటుబుక్కులో రాసుకోండి. ఒకసారికి ఒకటే అంకె మార్చండి. రాత్రంతా మెమ్‌టెస్ట్ పెట్టండి. పరీక్షలో మనకు 99 వస్తే ఊరంతా చెప్పుకుంటారు. ర్యామ్‌కు ఒక్క తప్పు వచ్చినా ఫెయిలే. అప్పుడు ఒక మెట్టు దిగి మళ్ళీ పరీక్షించండి. ఎండాకాలంలో ఇంకోసారి పెట్టండి.

పాడవుతుందన్న భయంతో కంప్యూటర్ మీద గుడ్డ కప్పి తాళం వేసి ఉంచిన రోజులు ఈ హాస్టల్‌లో మేమంతా చూశాం. ఆ రోజులు మళ్ళీ రాకూడదు. అలాగని నాలుగు అంకెలు మార్చి చప్పట్లు కొట్టించుకున్న నా రోజూ మీకు రాకూడదు. పరుగెత్తండి తమ్ముళ్ళూ. పాల గిన్నె మాత్రం మీ ఒక్కరిదైనప్పుడే పరుగెత్తండి. నలుగురిదీ అయినప్పుడు నడవండి.

– ఎం.సి.ఏ. చివరి సంవత్సరం, మన హాస్టల్ పూర్వ విద్యార్థి