రిగ్లీ మైదానంలో ఓ మధ్యాహ్నం

షికాగో ఉత్తర భాగంలో, ఇళ్ల వరసల నడుమ ఉంటుంది రిగ్లీ ఫీల్డ్. 1914లో కట్టిన బేస్‌బాల్ మైదానం. 1916 నుంచి కబ్స్ జట్టుకు అదే సొంతిల్లు. ఆ జట్టు అభిమానిని ఎవరినైనా కదిపి చూడండి. స్కోరు సంగతి తర్వాత, చిన్నప్పుడు ఎవరి చెయ్యి పట్టుకుని ఆ మెట్లెక్కాడో ముందు చెబుతాడు. తాత పక్కన కూర్చుని స్కోరుకార్డు మీద పెన్సిల్‌తో ఒక్కో అవుటూ రాసుకున్న మధ్యాహ్నం అతనికి నిన్నటి మాటే.

అవును, మధ్యాహ్నమే. 1988 ఆగస్టు దాకా కబ్స్ అక్కడ రాత్రి ఆట ఆడలేదు. దీపాల కోసం 1941లో ఉక్కు తెచ్చిపెట్టుకున్నారు. అంతలో అమెరికా యుద్ధంలోకి దిగింది. యజమాని ఆ సామగ్రిని యుద్ధ అవసరాలకు ఇచ్చేశారు. అలా దాదాపు మరో యాభై ఏళ్లు ఎండపొద్దు ఆటే మిగిలింది. ఎన్ని తరాల పిల్లలకు అది కలిసొచ్చిందో!

గోడ మీద 1937లో నాటిన ఐవీ తీగ ఇప్పటికీ పచ్చగా అల్లుకుని ఉంది. బంతి దాని ఆకుల్లో చిక్కుకుంటే ఫీల్డర్ రెండు చేతులూ పైకెత్తుతాడు, అంపైర్ బ్యాటర్‌కు రెండో బేస్ ఇస్తాడు. అదే ఏడు పెట్టిన స్కోరుబోర్డులో నేటికీ మనుషులే లోపల కూర్చుని అంకెల పలకలు చేత్తో మారుస్తారు. 2015లో పెద్ద వీడియో తెరలు వచ్చినా దాన్ని తీసేయలేదు. ఎంత మంచి పని చేశారు! తండ్రి చూసిన బోర్డునే కొడుకూ చూస్తున్నాడు.

ఏడో ఇన్నింగ్స్ నడిమధ్యలో జనమంతా లేచి నిలబడి ఒక పాట పాడతారు. ఆ పాట 1908 నాటిది. కబ్స్ ప్రపంచ సిరీస్ టైటిల్ గెలిచిందీ ఆ ఏడే. మళ్లీ గెలవడానికి 108 ఏళ్లు పట్టింది. ఓడినా మళ్లీ టికెట్టు కొనుక్కుని వచ్చిన ఆ తరాల ఓర్పుకు చేతులెత్తి మొక్కాలి. 2016లో ప్రపంచ సిరీస్ వేళ, మైదానం బయటి ఇటుక గోడల మీద అభిమానులు సుద్దముక్కలతో పేర్లు రాశారు. ఈ గెలుపు చూడకుండానే వెళ్లిపోయిన నాన్నల పేర్లు, తాతల పేర్లు, అమ్మమ్మల పేర్లు. చెయ్యి అందినంత ఎత్తు వరకు నిండిపోతే, కొందరు మరొకరి భుజాలెక్కి రాశారు.

నేపర్‌విల్, అరోరా వంటి షికాగో శివార్లలో మన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఏటా వేసవికి మన ఊళ్ల నుంచి అమ్మానాన్నలు పిల్లల దగ్గరికి వెళుతుంటారు. క్రికెట్ చూసిన కళ్లకు ఈ ఆట పట్టుబడడానికి రెండు మూడు ఇన్నింగ్స్ చాలు. ఈసారి మధ్యాహ్నం ఆట ఉన్న రోజు చూసుకుని, తాతయ్యనూ మనవణ్నీ పక్కపక్కన కూర్చోబెట్టండి. వెళ్లేటప్పుడు ఒక పెన్సిల్ మరచిపోకండి.